ఎలిమినేటరు, వైబ్రేటరు, దొరువులో ఉప్పు

మా వైపు, అంటే కారంచేడు, చీరాల, బాపట్ల వైపు, గోడకి గుచ్చే అడాప్టర్ని 'ఎలిమినేటరు' అనే పెద్దవాళ్ళు ఇంకా మిగిలే ఉన్నారు. చిన్నప్పుడు నాకా మాట అర్థమయ్యేది కాదు. ఇదేం ఎలిమినేట్ చేస్తుందిరా బాబూ, రేడియోనా, మననా అనుకునేవాణ్ణి. అసలు పేరు 'బ్యాటరీ ఎలిమినేటరు', అంటే బ్యాటరీ బెడద లేకుండా చేసేది. వాడగా వాడగా ముందు ముక్క ఊడిపోయి వెనక ముక్క మిగిలింది. ఈమధ్య సరదాకి మొదలుపెట్టిన వైర్‌లెస్ సెన్సర్ల పనిలో రేడియో భాగం రెండు సాయంత్రాల్లో తేలిపోయింది, దానికి కరెంటిచ్చే భాగం మాత్రం మూడు నెలలు తింది. అప్పుడు అనిపించింది, ఈ ఎలిమినేటరు చరిత్ర ఒకసారి తవ్వి చూద్దామని.

వైర్‌లెస్ చరిత్ర రాసేవాళ్ళందరూ గాల్లో పోయేదాని గురించే రాస్తారు. జగదీశ్ చంద్ర బోస్, మార్కోనీ, తరంగాలు, ఏంటెనాలు. కానీ ఒక వైర్‌లెస్ వస్తువు మారుమూల ఊళ్ళో పని చేసిందా లేదా, చేస్తే ఎవరింట్లో చేసింది అన్న సంగతి తేల్చింది తరంగాలు కాదు. దగ్గరున్న వోల్టేజీని కావలసిన వోల్టేజీగా మార్చే చిన్న డబ్బా. ఆ డబ్బా గురించి ఎవరూ రాయరు. మెకానిక్కులు బాగు చేస్తారు, అంతే.

సరే, మొదట్నించీ చూద్దాం. 1920లలో రేడియో అంటే వాల్వుల రేడియో. వాల్వుకి రెండు రకాల కరెంటు కావాలి. లోపలి ఫిలమెంటు ఎర్రగా కాలడానికి తక్కువ వోల్టేజీ, ప్లేటుకి ఎక్కువ వోల్టేజీ. అందుకని ఇంట్లో రేడియో ఉందంటే పక్కన ఒక యాసిడ్ బ్యాటరీ, ఒక పెద్ద డ్రై బ్యాటరీ పెట్టె ఉన్నట్టే. యాసిడ్ కారి తివాచీలు కాలిపోయేవి. అమెరికాలో ఇళ్ళకి కరెంటు వచ్చాక, గోడ కరెంటుని ఈ రెండు వోల్టేజీలుగా మార్చే పెట్టెలు అమ్మడం మంచి వ్యాపారమైంది. ఫిల్కో అనే పెద్ద రేడియో కంపెనీ మొదట ఫిలడెల్ఫియాలో బ్యాటరీలు, ఆ తర్వాత ఎలిమినేటర్లు అమ్ముకున్నదే. చికాగోలో దివాలా తీసిన ఒక బ్యాటరీ కంపెనీ తాలూకు ఎలిమినేటర్ల సరంజామాని 1928లో వేలంలో 750 డాలర్లకి కొనుక్కున్నారు పాల్ గాల్విన్, జోసఫ్ గాల్విన్ అనే అన్నదమ్ములు. వాళ్ళు పెట్టిన కంపెనీయే తర్వాత మోటరోలా. చంద్రుడి మీద నుంచి ఆర్మ్‌స్ట్రాంగ్ మాటలు మోసిన కంపెనీ, చేత్తో పట్టుకునే సెల్‌ఫోను మొదట చూపించిన కంపెనీ, పుట్టింది ఎలిమినేటర్లతోనన్నమాట.

అయితే ఎలిమినేటర్ల వ్యాపారం ఎక్కువ కాలం నడవలేదు. 1925లోనే టొరంటోలో టెడ్ రోజర్స్ నేరుగా గోడ కరెంటుతో నడిచే రేడియో తయారుచేశాడు. డబ్బా రేడియో లోపలికి వెళ్ళిపోయింది. గాల్విన్ సోదరులు కారు రేడియోల మీద పడ్డారు, మోటరోలా అన్న పేరే కారు రేడియోకి పెట్టుకున్నది. అక్కడ సమస్య తిరగబడింది. కార్లో ఉన్నది 6 వోల్టుల బ్యాటరీ. వాల్వు ప్లేటుకి కావలసింది వంద, రెండొందల వోల్టులు. ట్రాన్స్‌ఫార్మర్ పెడదామంటే అది ఏసీ కరెంటునే మారుస్తుంది, బ్యాటరీ ఇచ్చేది డీసీ. దీనికి 1930ల మొదట్లో దొరికిన ఉపాయమే వైబ్రేటరు. అమెరికా కార్ల కోసం పుట్టిన ఈ వస్తువే కరెంటు లేని మన ఊళ్ళకి రేడియోని తెచ్చింది.

మన దగ్గర సంగతి చూడండి. హైదరాబాదులో 1935లో నిజాం ప్రభుత్వ రేడియో, మద్రాసులో 1938 జూన్ 16న ఆలిండియా రేడియో, విజయవాడలో 1948 డిసెంబరు 1న. అంటే 1948 చివరికల్లా కృష్ణా డెల్టా మొత్తం తెలుగు మాటల తరంగాల్లో తడుస్తూనే ఉంది. పట్టుకోవడానికి మాత్రం ఊళ్ళల్లో కరెంటు లేదు. మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు వచ్చింది 1955లో, విద్యుత్ బోర్డు ఏర్పడింది 1959లో. అప్పటిదాకా, చాలా ఊళ్ళల్లో ఆ తర్వాత కూడా చాన్నాళ్ళు, రేడియో అంటే బ్యాటరీ రేడియోనే. అవి రెండు రకాలు. ఒకటి డ్రై ప్యాక్ రేడియో. దాని వాల్వులకి ఫిలమెంటు 1.4 వోల్టులు, ప్లేటు 90 వోల్టులు. ఆ 90 వోల్టుల పెట్టెలో ఏముందయ్యా అంటే ఒకటిన్నర వోల్టు బుల్లి సెల్లులు 60 వరసగా పేర్చి ఉంటాయి. అయిపోతే మొత్తం పారెయ్యాల్సిందే. రెండోది 6 వోల్టుల యాసిడ్ బ్యాటరీ పెట్టుకునే వైబ్రేటరు రేడియో. ఇందులో బ్యాటరీ పారెయ్యక్కర్లేదు గానీ టౌనుకి మోసుకెళ్ళి ఛార్జి పెట్టించుకు రావాలి.

వైబ్రేటరు అంటే పెద్ద విద్యేమీ కాదు. కాలింగ్ బెల్లు చూశారు కదా, కరెంటు పారగానే అయస్కాంతం రేకుని లాక్కుంటుంది, లాక్కోగానే కనెక్షను తెగుతుంది, రేకు వెనక్కి పోతుంది, మళ్ళీ కనెక్షను. ఈ రేకు సెకనుకి వంద సార్లకి పైగా కొట్టుకుంటూ బ్యాటరీ కరెంటుని ముక్కలు ముక్కలుగా కోస్తుంది. కోసిన డీసీ ట్రాన్స్‌ఫార్మరు కంటికి ఏసీ లాగే కనిపిస్తుంది. ఇంకేం, 6 వోల్టులు పెట్టి 90 తీసుకోవచ్చు.

దీన్ని మా వైపు రైతుకి చెప్పాలంటే గూడతో పోల్చాలి. కాలవ కింద ఉంది, చేను మీద ఉంది. ఇద్దరు అటూ ఇటూ నిలబడి తాళ్ళు పట్టుకుని గూడ ఊపుతూ నీళ్ళు ఎత్తి పోస్తారు. ఒక్కో గూడలో వచ్చేది కాసిని నీళ్ళే, కానీ ఆగకుండా వేస్తే చేను తడుస్తుంది. కన్వర్టరు చేసేదీ అదే. తక్కువ వోల్టేజీ అనే పల్లపు కాలవ నుంచి ఒక్కో గూడెడు శక్తి ఎత్తి ఎక్కువ వోల్టేజీ అనే మెరక చేలో పోస్తుంది. రేకు సెకనుకి వందసార్లే ఊగుతుంది కాబట్టి ఒక్కో గూడ పెద్దదిగా ఉండాలి. అందుకే ఆ కాలపు ట్రాన్స్‌ఫార్మర్లు ఇనప ముద్దల్లా ఉండేవి. ఈ రోజు మనం యాభై రూపాయలు కూడా పెట్టక్కర్లేకుండా కొనే ఎంటీ3608 అనే బూస్ట్ కన్వర్టర్ బోర్డులో రేకు బదులు ట్రాన్సిస్టర్ స్విచ్చి ఉంటుంది. అది సెకనుకి 12 లక్షల సార్లు కొట్టుకుంటుంది. వైబ్రేటరుకి పదివేల రెట్లు. గూడ పదివేల వంతు చిన్నదైనా పని నడుస్తుంది కాబట్టి కాయిలు శనగ్గింజంత అయింది. సూత్రం మాత్రం అదే సూత్రం. రేకు చచ్చిపోలేదు, చెవికి వినపడనంత వేగంగా కొట్టుకుంటోంది, అంతే. పాత రేడియోలో ఆ 'జుయ్య్' మోత స్టేషను దొరక్కముందే వినపడేది.

1950లలో కేంద్రప్రభుత్వం సామూహిక శ్రవణం అని ఒక పథకం పెట్టి ఊళ్ళకి రేడియోలు సబ్సిడీ మీద ఇచ్చింది. మన వాళ్ళ నోట్లో అది పంచాయతీ రేడియో. ఆ పెట్టె ఎక్కడుండేది? పంచాయతీ ఆఫీసులోనో, ఊరి నడిబొడ్డు అరుగు మీదో. అంటే ఊళ్ళో. మాలపల్లె, మాదిగపల్లె ఊరికి ఎడంగా ఉంటాయి. తరంగాలకి కులం లేదు, అవి పల్లె మీదగా కూడా పోతాయి. కానీ 90 వోల్టులు ఊళ్ళోనే ఉన్నాయి. పల్లెలో వాళ్ళు వినాలంటే ఊళ్ళోకొచ్చి దూరంగా నిలబడాలి. నేనీ టపాలో వోల్టేజీ గురించి మాట్లాడుతూ ఇటు రావడానికి కారణం ఇదే. వైర్‌లెస్ ఎంత దూరమైనా పోనీ, దాని వెనకుండే వైరు ఎక్కడాగింది అన్నదే లెక్క.

కరెంటు వైరు కథా ఇంతే. మన దేశంలో 1997 దాకా 'విద్యుదీకరించిన గ్రామం' అంటే ఏంటో తెలుసా? ఆ ఊరి రెవెన్యూ పరిధిలో ఎక్కడైనా, ఏ పనికైనా కరెంటు వాడుతుంటే చాలు. పొలంలో ఒక్క మోటారు తిరిగితే ఊరంతా వెలిగినట్టే లెక్క. 1997లో దాన్ని మార్చి, జనం నివసించే చోట వాడాలి అన్నారు. 2004లో వచ్చిన కొత్త నిర్వచనం గానీ అసలు సంగతి ఒప్పుకోలేదు. అందులో, ట్రాన్స్‌ఫార్మరు, లైన్లు ఊళ్ళోతో పాటు దళితవాడలో కూడా ఉండాలి, బళ్ళు, పంచాయతీ ఆఫీసులాంటి చోట్ల కరెంటుండాలి, కనీసం 10 శాతం ఇళ్ళకి కనెక్షనుండాలి అని రాశారు. 'దళితవాడలో కూడా' అని విడిగా రాయాల్సి వచ్చిందంటే అప్పటిదాకా ఏం జరిగిందో వేరే చెప్పక్కర్లేదు.

కారంచేడు పేరు రాసి ఇంకో సంగతి ఎత్తకుండా దాటెయ్యడం నాకు చేతకాదు. 1985 జులై 17న ఊరి భూస్వాముల మూక మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపింది. గొడవ మొదలైంది అంతకు ముందురోజు, మాదిగలు మంచినీళ్ళు ముంచుకునే చెరువు దగ్గర. బతికినవాళ్ళు చీరాల పోయి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. చాలామంది ఇక వెనక్కి రాలేదు. సుప్రీంకోర్టు తీర్పు రావడానికి 2008 డిసెంబరు దాకా పట్టింది, 23 ఏళ్ళు. నీళ్ళు ఎవరివి, ఏ నీళ్ళు ఎవరు పాడు చేస్తే ఎవరడగాలి అన్నది మా వైపు ఎప్పుడూ ఊసుపోక మాట కాదు. కింద నీళ్ళ గురించి రాస్తాను, అది చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

మళ్ళీ డబ్బా దగ్గరికొద్దాం. ట్రాన్సిస్టరు 1947లో పుట్టినా జేబు రేడియోగా అమ్మకానికి వచ్చింది 1954లో, అమెరికాలో రీజెన్సీ కంపెనీ టీఆర్-1. దానికి కూడా 22.5 వోల్టుల ప్రత్యేకమైన బ్యాటరీ కావలసొచ్చేది! తర్వాత్తర్వాత 9, 6, ఆఖరికి 3 వోల్టులకి దిగింది. టార్చిలైటులో వేసే సెల్లులే రేడియోలోనూ వెయ్యొచ్చు అన్న రోజున మన పల్లెటూళ్ళల్లో రేడియో నిజంగా వచ్చింది. కన్వర్టరుని బాగా చేసి కాదు, కన్వర్టరు అవసరమే లేకుండా చేసి. 1972లో జపాన్ మత్సుషితా వాళ్ళ సహకారంతో ఇండో నేషనల్ కంపెనీ పుట్టి, అప్పటి నెల్లూరు జిల్లాలో నిప్పో సెల్లులు తయారుచెయ్యడం మొదలెట్టాక మా వైపు ప్రతి కిళ్ళీకొట్లోనూ సెల్లు దొరికేది. మాదిగపల్లెలో కూలికెళ్ళే మనిషి చంకలో కూడా ట్రాన్సిస్టరు కనపడింది. నీరసించిన సెల్లుల్ని ఎండలో పెట్టి ఇంకో రెండు రోజులు పాటలు పిండుకోవడం తెలియని ఇల్లు ఆ రోజుల్లో లేదు. రేడియో ఉంటే పోస్టాఫీసులో ఏటా లైసెన్సు కట్టాలి అన్న నియమం కూడా 1980ల మధ్యకల్లా పోయింది.

సెల్లులు కొనలేక, ఇంట్లో కరెంటొచ్చాక, అప్పుడు మళ్ళీ వచ్చాడు మన హీరో ఎలిమినేటరు. నల్లటి డబ్బా, 3, 4.5, 6, 7.5, 9, 12 అని గుండ్రటి నాబు, ప్లస్సూ మైనస్సూ మార్చుకునే చిన్న స్విచ్చి. లోపల ఒక ట్రాన్స్‌ఫార్మరు, డయోడ్లు, ఒక కెపాసిటరు. రెగ్యులేటరు లాంటి ఆడంబరాలేవీ లేవు. అందుచేత గోడలో ఏ జబ్బుంటే ఆ జబ్బు ఇటు కూడా వస్తుంది. 230 ఉండాల్సిన కరెంటు సాయంత్రం 150కి పడిపోయిందనుకోండి, 9 అని పెట్టిన నాబు ఆరే ఇస్తుంది. పైగా లోడు లేకపోతే అదే 9 నాబు దగ్గర 12, 13 కనపడుతుంది. రేడియోలో వార్తల వెనక 'గుయ్య్' అని వంద హెర్ట్‌జుల మోత.

అసలు సాయంత్రం 150కి ఎందుకు పడిపోయేది? ఊరి చివర ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మరు, దాన్నించి కిలోమీటర్ల పొడుగున 400 వోల్టుల సన్న తీగలు, వాటికి లెక్కకి మించి మోటార్లు. తీగలో పారే ఆంపియర్లు రెట్టింపైతే తీగ తినే నష్టం నాలుగు రెట్లు. చివర ఉన్న ఇంటికి మిగిలింది బల్బులో ఎర్రటి వత్తి. అందుకే ఆ కాలంలో టీవీ కొంటే పక్కనే స్టెబిలైజరు కట్నంలాగా వచ్చేది. టక్, టక్ అని రిలే కొట్టుకుంటుంటే మా ఇంట్లో సీరియల్ చూసేవాళ్ళ కళ్ళు టీవీ మీద, చెవులు స్టెబిలైజరు మీద. రామాయణం నాటి (1987-88) బ్లాక్ అండ్ వైటు చిన్న టీవీలకి 12 వోల్టుల బ్యాటరీ పెట్టుకునే కన్నం ఉండేది. ఆదివారం పొద్దున కరెంటు పోతే ట్రాక్టరు బ్యాటరీ ఊడదీసుకొచ్చేవాళ్ళు. తర్వాత 2000లలో మన రాష్ట్రంలో హెచ్‌వీడీఎస్ పేరుతో ఒక మంచి పని మొదలైంది. 11 వేల వోల్టుల లైను పొలం దాకా తీసుకొచ్చి, రెండు మూడు మోటార్లకి ఒక బుల్లి ట్రాన్స్‌ఫార్మరు పెట్టడం. 400 బదులు 11,000 అంటే ఆంపియర్లు 27 వంతులకి పైగా తగ్గుతాయి, అదే తీగలో నష్టం 750 వంతులు తగ్గుతుంది. వోల్టేజీని ఎక్కడ మార్చాలి అన్న ఒక్క నిర్ణయంతో ఇంత తేడా. ఇంజినీరింగులో ఇంతకంటే అందమైన లెక్క నేను చూడలేదు. ప్రోగ్రామర్లకి ఇలాంటివి దొరకవు :)

ఇక మన సరదా ఎలక్ట్రానిక్సు. కోఠీ గుజరాతీ గల్లీలో తిరిగిన ప్రతి ఇంజినీరింగు కుర్రాడికీ 7805 తెలుసు. మూడు కాళ్ళ చిప్పు, ఇటు 9 పెట్టినా 12 పెట్టినా అటు సరిగ్గా 5. ఎలిమినేటరు జబ్బుకి అదే మందు. మిగిలినదాన్ని వేడిగా తగలేస్తుంది. 12 పెట్టి 5 తీస్తే సగానికి పైగా గాలికే. గోడ కరెంటుకి ఇది పెద్ద పట్టింపు కాదు. బ్యాటరీతో పొలంలో పెట్టే సెన్సరుకి మాత్రం ప్రాణాంతకం. ఎందుకంటే 7805 ఏ పనీ చెయ్యకుండా ఊరికే కూర్చోడానికే 5 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. ఒక సెల్లులో 2,500 మిల్లీ ఆంపియర్-గంటలు ఉన్నాయనుకుంటే 500 గంటలు, మూడు వారాల్లో ఖాళీ. సెన్సరు ఒక్క మాటైనా చెప్పకుండానే! ఈఎస్‌పీ8266 బోర్డుల మీద వచ్చే 1117 రెగ్యులేటరు కూడా ఈ విషయంలో దాని తమ్ముడే. అదే ఎంసీపీ1700 లాంటిది పెడితే ఊరికే తాగేది 2 మైక్రో ఆంపియర్లు కూడా ఉండదు. సెల్లు దానంతటది చచ్చిపోయేది ముందు.

అన్నట్టు బెర్కిలీ వాళ్ళ కథ ఇక్కడ చెప్పాలి, వైర్‌లెస్ సెన్సర్లకి ఆద్యులు కదా. 2002 నాటి వాళ్ళ మైకా బోర్డులో సెల్లుల వోల్టేజీ పడిపోయినా 3.3 నిలబెట్టడానికి ఒక బూస్ట్ కన్వర్టరు పెట్టారు. తర్వాతి మైకా2లో దాన్ని పీకేశారు. 2004 టీలాస్ బోర్డుకొచ్చేసరికి చిప్పులనే బాగా తక్కువ వోల్టేజీకి కూడా నడిచేవాటిని ఏరుకుని, రెండు సెల్లులకి నేరుగా తగిలించారు. ట్రాన్సిస్టరు రేడియో నడిచిన దారే ఇది కూడా. ఆ తరం మోట్లు మనకి దగ్గర్లోకే వచ్చాయి. అనంతపురం సరిహద్దుకి ఆనుకుని, తెలుగు బాగా వినపడే పావగడ తాలూకా చెన్నకేశవపురంలో, బెంగుళూరు ఐఐఎస్సీ, స్విట్జర్లాండు ఈపీఎఫ్ఎల్ కలిసి కామన్‌సెన్స్‌నెట్ అనే ప్రాజెక్టు కింద మెట్ట పొలాల్లో తేమ కొలిచే సెన్సర్లు పెట్టాయి. వానమీద ఆధారపడే వేరుశనగ రైతుకి అది పనికొస్తుందా అన్నది వాళ్ళ ప్రశ్న. అప్పట్లో మనలాంటివాళ్ళు సరదాకి చేద్దామన్నా వీలు తక్కువ. 2.4 గిగాహెర్ట్‌జులు, 865-867 మెగాహెర్ట్‌జులు తక్కువ పవరుతో లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని మన ప్రభుత్వం చెప్పింది 2005లో. పోస్టాఫీసు లైసెన్సు పోయిన ఇరవై ఏళ్ళకి.

ఇప్పుడు దొరువు. కారంచేడు నల్లరేగడి కాలవ వ్యవసాయం, అక్కడ్నించి చీరాల దాటి సముద్రం వైపు వెళ్తే ఇసకనేలలు. ఆ ఇసకలో లోతు లేని గుంట తవ్వితే తియ్యటి నీళ్ళు ఊరతాయి, దాన్నే దొరువంటారు. తియ్యటి నీళ్ళు కింద ఉన్న ఉప్పునీళ్ళ మీద తేలుతుంటాయి, పాల మీద మీగడలాగా. ఉప్పునీళ్ళు వందకి రెండున్నర పాళ్ళు బరువు. ఆ లెక్కన సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీళ్ళుంటే కింద 40 అడుగులుంటాయి. తిరగేసి చదవండి. పైన ఒక అడుగు తోడి దింపితే, నింపాదిగా అయినా సరే, కింద ఉప్పు 40 అడుగులు పైకి లేస్తుంది. అందుకే మన పెద్దలు కుండలతో ముంచుకుని పోసేవాళ్ళు గానీ ఎడాపెడా తోడేవాళ్ళు కాదు. బాపట్ల వ్యవసాయ కళాశాల దగ్గరి ఉప్పునీటి పరిశోధనా కేంద్రం వాళ్ళు, లోతుకి పోకుండా పైపైన అడ్డంగా కన్నాల గొట్టాలు పరిచి నీళ్ళని ఒక బావిలోకి చేర్చే మెరుగైన దొరువు పద్ధతి తయారుచేసింది ఇందుకే.

2004 మే 14న ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పడింది. అప్పట్లో కరెంటు రోజుకి ఏడు గంటలు ఉండేది, అదీ చాలా చోట్ల అర్ధరాత్రి వంతు. నిద్ర మానుకుని ఎవడు పోతాడు? ఆటో స్టార్టరు పెట్టి ఇంట్లో పడుకుంటారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది, పోయేదాకా తిరుగుతుంది. మీగడ తీసేసి అడుగుదాకా తోడుతుంది. తెల్లారి చూసుకుంటే నారుమడి అంచులు ఎర్రబడి ఉంటాయి. ఒకసారి లేచిన ఉప్పు మళ్ళీ కిందికి దిగాలంటే మంచి వానాకాలమైనా పట్టొచ్చు.

నేను చేస్తున్నది ఇదే, మా మావయ్య దొరువులో నీటి ఉప్పదనం కొలిచి, ఒక హద్దు దాటగానే మోటారు ఆపించడం. నీళ్ళలో రెండు స్టీలు కడ్డీలు, వాటి మధ్య కరెంటు ఎంత సులువుగా పారితే అంత ఉప్పు. సాగునీటికి 0.7 డెసిసీమెన్స్ లోపు భయం లేదు, 3 దాటితే ప్రమాదం. సముద్రం 50 దగ్గర ఉంటుంది. ఈ కడ్డీలకి డీసీ ఇస్తే నీళ్ళు విడిపోయి కడ్డీల మీద బుడగలు కట్టి లెక్క తప్పుతుంది, కడ్డీ కూడా తినేస్తుంది. కాబట్టి అటూ ఇటూ తిప్పుతూ ఇవ్వాలి, సెకనుకి వెయ్యిసార్లు ప్లస్సు మైనస్సు మార్చాలి. మైక్రోకంట్రోలరు కాళ్ళు రెండిటితో ఆ పని చేసే నాలుగు లైన్ల ప్రోగ్రాము రాస్తుంటే, నేను రాస్తున్నది పంచాయతీ రేడియోలో వైబ్రేటరునే కదా అనిపించింది.

కరెంటు సంగతి. స్టార్టరు పెట్టె పక్కనే మూడు ఫేజులున్నాయి కదా, ఫోను ఛార్జరు తగిలించేద్దామని ఎవరికైనా తోస్తుంది. దయచేసి ఆ పని చెయ్యకండి. చాలా పెట్టెల్లో న్యూట్రలుండదు, రెండు ఫేజుల మధ్య 415 వోల్టులు. ఛార్జరు మీద 100 నుంచి 240 అని రాసి ఉంటుంది, 415 పెడితే పేలుతుంది, పక్కన చెయ్యి ఉంటే మనిషీ పోతాడు. 415ని దించే చిన్న ట్రాన్స్‌ఫార్మరు వేరే ఉంటుంది, అది తెలిసిన ఎలక్ట్రీషియనుతోనే పెట్టించాను. అదీ మోటారు ఆపే వైపు పెట్టెకి మాత్రమే. నీళ్ళ దగ్గరుండే సెన్సరుకి కరెంటు లేని గంటల్లో కూడా బతకాలి కాబట్టి ఒక లిథియం ఐరన్ ఫాస్ఫేటు సెల్లు, అరచేతంత సోలారు పలక. ఆ సెల్లు వాడకంలో దాదాపు అంతసేపూ 3.3, 3.2 మధ్యనే నిలబడుతుంది, ఛార్జి 3.5 దగ్గర ఆపితే చిప్పుకి ఢోకా లేదు. రెగ్యులేటరు లేదు, బూస్టు లేదు, నేరుగా తగిలించడమే. మూడు నెలలు నాలుగు రకాల కన్వర్టర్లు కొలిచి చూశాక తేలింది ఇది.

పెట్టె తెరిచి చూపిస్తే మావయ్య అన్న మాట: "ఏంది అల్లుడూ, వైర్‌లెస్ అంటివి, ఇన్ని వైర్లేంది?" దీనికి నా దగ్గర జవాబు లేదు, ఉంటే ఈ టపా రాసేవాణ్ణే కాదు.

ఆయన ఇంకో మాట కూడా అడిగాడు, అది ఎలక్ట్రానిక్సు కంటే కష్టం. "నా మోటారు ఆగుద్ది సరే, పక్కోడి మోటారు ఆగదుగా?" నిజమే. ఇసకలో మీగడ అందరిదీ ఒకటే, గట్లు పైన ఉంటాయి గానీ కింద ఉండవు. మావయ్యకి ఉత్తరం పక్కన ఒక దొరువు, దిగువన పల్లె వాళ్ళు తాగడానికి ముంచుకునే చిన్న గుంట ఉన్నాయి. ఆ గుంటకి మోటారు లేదు, ఉప్పు లేస్తే ముందు నష్టపోయేది అదే. రెండో సెన్సరు అక్కడ పెడదామని పల్లె పెద్దల్ని అడిగాను. పెట్టుకో గానీ ఆ లెక్క మాకూ కనపడాలి అన్నారు. అందుకని దానికి ఫోనూ యాపూ కాకుండా, గుంట గట్టు మీదే ఎర్ర, పచ్చ దీపాలు పెడుతున్నాను. దీపాలంటే మళ్ళీ ఇంకాసిని మిల్లీ ఆంపియర్లు, సోలారు పలక ఇంకొంచెం పెద్దది కావాలి. పగటి వెలుతురులో కూడా కనపడేలా రెండు సెకన్లకోసారి మెరిపిస్తే ఎంత తాగుతుందో ఈ వారం కొలుస్తున్నాను.